మీ ప్రశ్నలు, దంత వైద్యురాలి జవాబులు: పిల్లల పళ్ళకు తీసి పెట్టుకునే క్లిప్పులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల పళ్ళ వరుస గురించినవే. వాటిలో తీసి పెట్టుకునే పరికరాలకు సంబంధించిన వాటిని ఎంచుకుని, ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. నోరు చూడకుండా రాస్తున్న జవాబులు కనుక, మీ పిల్లల్ని పరీక్షించిన డాక్టరు సలహాకు ఇవి బదులు కావు. ఆ డాక్టరుని ఏమడగాలో తెలుసుకోవడానికి పనికివస్తే చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి 9 ఏళ్ళు. నోరు మూసినప్పుడు పై ముందు పళ్ళలో ఒకటి కింది పళ్ళ వెనక్కి పోతోంది. తీసి పెట్టుకునే ప్లేటు ఒకటి కొన్ని నెలలు వాడితే సరిపోతుందని డాక్టరు గారు అన్నారు. పళ్ళన్నీ వచ్చాక ఒకేసారి అతికించే క్లిప్పులు వేయించవచ్చు కదా, రెండుసార్లు వైద్యం దేనికని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ విషయంలో డాక్టరు గారి మాటే వినండి. పెద్దవాళ్ళు చెప్పింది పూర్తిగా కాదనలేం. వంకర పళ్ళలో చాలా రకాలకు పళ్ళన్నీ వచ్చేదాకా ఆగినా నష్టమేమీ ఉండదు. కానీ మీ అబ్బాయిది ఆగకూడని కొద్ది రకాల్లో ఒకటి. దీన్ని క్రాస్‌బైట్ అంటారు. నోరు మూసిన ప్రతిసారీ ఆ పై పన్ను తన ఎదుటి కింది పన్నును ముందుకు నెడుతుంది. ఏళ్ళ తరబడి అలా నెడుతూ ఉంటే కింది పన్ను ముందున్న చిగురు పలచబడి కిందికి జారుతుంది, రెండు పళ్ళ అంచులూ అరిగిపోతాయి. కొందరు పిల్లలు ఆ అడ్డును తప్పించుకోవడానికి కింది దవడను కొంచెం ముందుకో పక్కకో జరిపి నోరు మూయడం అలవాటు చేసుకుంటారు. అద్దం ముందు నిలబెట్టి మీ అబ్బాయిని మెల్లగా నోరు మూయమనండి. పళ్ళు ముందు ఒకచోట తగిలి, ఆ తర్వాత దవడ జారుతున్నట్టు కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఇక ఆ ప్లేటు ఎలా పనిచేస్తుందో చెబుతాను. నోటి అచ్చు తీసుకుని, దాని మీద అంగిలికి సరిగ్గా సరిపోయేలా ఆక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పలుచటి ప్లేటు చేస్తారు. వెనక దవడ పళ్ళను గట్టిగా పట్టుకోవడానికి స్టీలు తీగతో చేసిన కొక్కేలుంటాయి. 1950 ప్రాంతంలో ఫిలిప్ ఆడమ్స్ అనే దంత వైద్యుడు రూపొందించిన కొక్కెం నమూనానే నేటికీ ఎక్కువగా వాడుతున్నాం. లోపలికి పోయిన పన్ను వెనక, దాదాపు అర మిల్లీమీటరు మందం ఉన్న సన్నటి తీగతో మడతలు మడతలుగా వంచిన స్ప్రింగు ఉంటుంది. డాక్టరు దాన్ని ప్రతి విడతలో కొద్దిగా తెరిచి పన్నును ముందుకు నెట్టేలా చేస్తారు. ప్లేటు అంచును వెనక పళ్ళ మీదికి కాస్త ఎత్తుగా పొడిగిస్తారు. అలా చేయకపోతే ముందు పళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి, స్ప్రింగు ఎంత నెట్టినా పన్ను దాటలేదు. మొదటి రోజుల్లో పిల్లవాడు పళ్ళు కలవడం లేదని, నమలలేకపోతున్నానని చెప్పేది ఈ ఎత్తు వల్లే.

ఎముకలో ఉన్న పన్ను ఎలా కదులుతుందని చాలామంది అడుగుతారు. పన్ను వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందులో సన్నటి నారల పొర ఉంటుంది. పన్ను మీద తేలికపాటి ఒత్తిడి విడవకుండా ఉన్నప్పుడు, వేరు నొక్కుకునే వైపు ఎముకను కరిగించే కణాలు, రెండోవైపు కొత్త ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. పన్ను కదలడమంటే దాని చుట్టూ ఎముక కొత్తగా కట్టుకోవడమే. అందుకే నెలకు ఇంచుమించు 1 మిల్లీమీటరుకు మించి కదలికను ఆశించకూడదు. త్వరగా కావాలని స్ప్రింగును ఎక్కువగా బిగిస్తే ఆ పొరలో రక్త ప్రసరణ ఆగి, పని ఇంకా ఆలస్యమవుతుంది. ఇంట్లో ప్లయరుతో తీగ వంచి చూసిన తండ్రులు ఉన్నారు కనుక ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఈ ప్లేటుకు పరిమితులున్నాయి. ఇది పన్నును ఒకే చోట నెడుతుంది కాబట్టి పన్ను పైభాగం ఒరుగుతుంది, వేరు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మెలి తిరిగిన పన్నును తిప్పడం, వేరుతో సహా పన్నును పక్కకు జరపడం, పైకెక్కిన పన్నును కిందికి దించడం దీనితో సరిగ్గా కుదరవు. వాటికి అతికించే క్లిప్పులే కావాలి. మీ అబ్బాయి విషయంలో కావలసింది కేవలం ఒరగడమే కనుక, ఆ పన్నుకు వరుసలో చోటుంటే ప్లేటు చక్కగా పనిచేస్తుంది. పైగా పై పన్ను ఒకసారి కింది పన్నును దాటి, దాని ముందు తగినంత కిందికి వాలి కూర్చుంటే కింది పన్నే దాన్ని మళ్ళీ వెనక్కి పోనీయదు. తర్వాత ఏళ్ళ తరబడి ప్లేటు పెట్టుకోవలసిన అవసరం లేని అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఒక్క మినహాయింపు ఉంది. ఒక పన్ను కాకుండా ముందు పళ్ళు నాలుగూ వెనక్కి పోతూ, ఇంట్లో పెద్దల్లో ఎవరికైనా కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటే, సమస్య పళ్ళది కాదు, దవడ పెరుగుదలది కావచ్చు. అప్పుడు ఈ చిన్న ప్లేటు చాలదు.

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్ళు. కొత్తగా వచ్చిన పై ముందు పళ్ళ మధ్య సందు ఉంది, పక్క పళ్ళు విసనకర్రలా బయటికి విచ్చుకున్నాయి. బొమ్మలా ఉండే పిల్ల ముఖం మారిపోయిందని దిగులుగా ఉంది. సందు మూయడానికి ఇప్పుడే క్లిప్పు వేయించాలా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడు వేయించకండి. మీరు వర్ణించినది చాలావరకు 8 నుంచి 12 ఏళ్ళ మధ్య సహజంగా వచ్చి పోయే దశ. పై కోరపళ్ళు ఈ వయసులో ఇంకా ఎముక లోపల, పైన ఉంటాయి. అవి కిందికి దిగుతూ పక్క పళ్ళ వేర్లను నొక్కడం వల్ల వేర్లు లోపలికి, పళ్ళ కొనలు బయటికి పోతాయి. కోరపళ్ళు బయటికి వచ్చి తమ చోట కూర్చున్నాక, 2 మిల్లీమీటర్ల లోపు సందు చాలామంది పిల్లల్లో తనంతట తానే మూసుకుంటుంది. ఇప్పుడు తొందరపడి పక్క పళ్ళను లోపలికి లాగితే, వాటి వేర్లు దిగివస్తున్న కోరపన్నుకు ఎదురై దెబ్బతినే ప్రమాదం ఉంది. చూడ్డానికి అందంగా ఉండాలని చేసిన పని, పళ్ళ వేరుకే చేటు తెస్తుంది.

అలాగని పూర్తిగా మరిచిపోకూడదు. సందు 2 మిల్లీమీటర్ల కన్నా బాగా వెడల్పుగా ఉన్నా, ఒక ముందు పన్ను వచ్చి ఆరు నెలలైనా దాని జత పన్ను రాకపోయినా ఎక్స్‌రే తీయించాలి. రెండు ముందు పళ్ళ మధ్య ఎముకలో అదనపు పన్ను ఇరుక్కుని ఉండవచ్చు, లేదా పక్క పన్ను పుట్టుకతోనే లేకపోవచ్చు. ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. 10 ఏళ్ళు వచ్చేసరికి పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో తడిమితే, పాల కోరపన్నుకు పైన రెండు వైపులా ఉబ్బెత్తుగా తగలాలి. ఒకవైపే తగిలి రెండోవైపు తగలకపోతే, ఆ కోరపన్ను అంగిలి వైపు దారి తప్పి ఉండవచ్చు. ఆ వయసులో పాల కోరపన్నును తీసేస్తే చాలామందిలో శాశ్వత పన్ను సరైన దారికి వస్తుంది. అదే 15 ఏళ్ళప్పుడు తెలిస్తే చిగురు కోసి, గొలుసు తగిలించి, పన్నును కిందికి లాగవలసి ఉంటుంది. నన్నడిగితే, పళ్ళ వరుస గురించి చేయించే పరీక్షలన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చేది, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా ఇదే.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్ళు, పై పళ్ళు బాగా ఎత్తు. పైకీ కిందికీ రెండు ప్లేట్లుండే ట్విన్ బ్లాక్ అనే పరికరం ఇచ్చి నాలుగు నెలలైంది. బడిలో నవ్వుతున్నారని తీసి జేబులో వేసుకుంటున్నాడు, ఒకసారి పోగొట్టాడు కూడా. మార్పేమీ కనిపించడం లేదు. కోప్పడాలా, ఊరుకోవాలా? అసలు 8 ఏళ్ళప్పుడే వేయించి ఉంటే ఈ పాటికి అయిపోయేదా?

జవాబు: మొదట రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అనవసరంగా మీరు మిమ్మల్ని నిందించుకుంటున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. ఎత్తు పళ్ళకు 8, 9 ఏళ్ళప్పుడే ఒక విడత వైద్యం చేసిన పిల్లల్నీ, 12 ఏళ్ళు దాటాక ఒకేసారి చేసిన పిల్లల్నీ పోల్చిన పరిశోధనలు చాలా జరిగాయి. చివరికి పళ్ళ అమరికలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది ఒక్క విషయంలోనే: ముందుగా వైద్యం చేయించుకున్న పిల్లల్లో కింద పడి ముందు పళ్ళు విరగడం తక్కువగా ఉంది. పై పళ్ళు కింది పళ్ళ కన్నా 3 మిల్లీమీటర్లకు మించి ముందుకున్న పిల్లలకు దెబ్బ తగిలే అవకాశం ఇంచుమించు రెట్టింపు. అందువల్ల పెదవి మూతపడనంత ఎత్తు ఉండి, ఆటల్లో తరచుగా పడిపోయే పిల్లలకూ, తోటివారి వెక్కిరింతలతో కుంగిపోయే పిల్లలకూ మాత్రమే ముందస్తు వైద్యం చెబుతాం. ఎదుగుదల ఊపు మగపిల్లల్లో సాధారణంగా 12 నుంచి 14 ఏళ్ళ మధ్య వస్తుంది కనుక, మీరు మొదలుపెట్టిన సమయం సరైనదే.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ట్విన్ బ్లాక్‌ను స్కాట్లాండుకు చెందిన విలియం క్లార్క్ 1977లో రూపొందించారు. పై ప్లేటుకూ కింది ప్లేటుకూ ఏటవాలుగా కోసిన దిమ్మెలుంటాయి. నోరు మూసినప్పుడు కింది దిమ్మె పై దిమ్మె ముందుకు జారి కూర్చోవాలి కనుక, దవడ తప్పనిసరిగా ముందుకు వస్తుంది. దవడ కండరాలు దాన్ని వెనక్కి లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడు బలం కింది పళ్ళను ముందుకు, పై పళ్ళను వెనక్కి నెడుతుంది. ఈ పరికరంతో దవడ ఎముకే పెద్దదైపోతుందని కొందరు చెబుతారు గానీ, వచ్చే మార్పులో ఎక్కువ భాగం పళ్ళు కదలడం వల్ల వచ్చేదే. అయినా ఎత్తు తగ్గాలన్న మీ ఉద్దేశం దానితో నెరవేరుతుంది.

అయితే అది నోట్లో ఉన్నంతసేపే పనిచేస్తుంది. పన్ను చుట్టూ ఉన్న ఎముక స్పందించాలంటే ఒత్తిడి రోజులో చాలా గంటలు ఆగకుండా ఉండాలి. గంట పెట్టి రెండు గంటలు తీసేస్తే ఎముక మారదు, నొప్పి మాత్రం ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. "పెట్టుకుంటే నొప్పిగా ఉంది, అందుకే తీస్తున్నాను" అని పిల్లవాడు చెబితే అది అబద్ధం కాదు. తీస్తున్నందువల్లే నొప్పి తగ్గడం లేదు. వరసగా పెట్టుకునే పిల్లలకు మూడు నాలుగు రోజుల్లో నొప్పి, వారం పది రోజుల్లో మాట తడబడడం, చొంగ కారడం తగ్గిపోతాయి.

నిజంగా పెట్టుకుంటున్నాడో లేదో తెలుసుకోవడానికి నిఘా పెట్టనక్కర్లేదు. బాగా వాడే పిల్లవాడు అద్దం చూడకుండా ఒక చేత్తో ప్లేటు పెట్టుకోగలడు, పెట్టుకుని స్పష్టంగా మాట్లాడగలడు. అంగిలి మీద ప్లేటు అంచు గుర్తు సన్నటి గీతలా ఉంటుంది. నాలుగు నెలలైనా ప్లేటు కొత్తదానిలా మెరుస్తూ ఉంటే అది డబ్బాలోనే ఎక్కువగా ఉందని అర్థం. వేడిని పసిగట్టి ఎన్ని గంటలు నోట్లో ఉందో లెక్కగట్టే చిన్న సెన్సర్లను ప్లేటులో అమర్చే వీలు కూడా ఉంది. అలా కొలిచిన చోటల్లా పిల్లలు చెప్పిన గంటల కన్నా వాడిన గంటలు తక్కువగానే తేలాయి. అందుకని మీ అబ్బాయిని ప్రత్యేకంగా దోషిని చేయకండి.

కోప్పడితే ఇంట్లో పెట్టుకుంటాడు, బయట తీస్తాడు. దానికి బదులు బడి గంటల సంగతి డాక్టరుతో నేరుగా మాట్లాడండి. రోజుకు సుమారు 12 గంటలు ట్విన్ బ్లాక్ పెట్టుకున్న పిల్లల్లోనూ 22 గంటలు పెట్టుకున్నవారితో సమానమైన ఫలితాలు వచ్చినట్టు ఇటీవలి పరిశోధన ఒకటి చూపించింది. మీ డాక్టరు ఒప్పుకుంటే, బడి నుంచి వచ్చిన క్షణం నుంచి మర్నాడు బడికి వెళ్ళేదాకా తీయకూడదనే ఒప్పందం అతనితో చేసుకోవచ్చు. సాయంత్రం పావుగంట పాఠం ఏదైనా ప్లేటు పెట్టుకునే గట్టిగా చదివించండి. మాట తేటపడితే సగం సిగ్గు పోతుంది. డబ్బా తప్ప జేబు, రుమాలు, కాగితం ఏవీ ప్లేటుకు చోటు కావని గట్టిగా చెప్పండి. పోయిన ప్లేట్లలో అధిక భాగం కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసినవే.

ఇంత చేసినా మరో రెండు మూడు నెలల్లో కదలిక లేకపోతే, మొండిగా కొనసాగించవద్దు. పిల్లవాడు తీయలేని, పళ్ళకు అతికించే పరికరాలతో ఇదే పని చేయించవచ్చు. అది ఓటమి కాదు, పరికరం మార్చడమే. ఏడాదిపాటు గొడవపడి, ఎదుగుదల సమయం దాటిపోయి, పిల్లవాడికి దంత వైద్యమంటేనే విరక్తి పుట్టించుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ప్రశ్న: పై దవడ ఇరుకుగా ఉందని మా అమ్మాయికి మధ్యలో స్క్రూ ఉన్న ప్లేటు ఇచ్చి, వారానికి రెండుసార్లు తాళంతో తిప్పమన్నారు. ఊరెళ్ళి ఒక వారం తిప్పడం మరిచిపోయాం. ఇప్పుడు ఒకేసారి నాలుగుసార్లు తిప్పవచ్చా?

జవాబు: తిప్పకూడదు. తాళంతో తిప్పే ఒక్కొక్క పావు చుట్టుకు ప్లేటు రెండు సగాలూ సుమారు 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా విడిపోతాయి. వినడానికి కొంచెమే గానీ, నారల పొర మందమే అంత. ఒకేసారి నాలుగుసార్లు తిప్పితే ప్లేటు పళ్ళ మీద కూర్చోదు, కొక్కేలు పట్టు తప్పుతాయి. పోయిన వారాన్ని పోయినట్టే వదిలేసి, ఆపిన చోటి నుంచి మామూలుగా కొనసాగించండి. తిప్పేటప్పుడు ప్లేటును చేతిలో పట్టుకుని, దాని మీద ఉన్న బాణం గుర్తు వైపే, తాళం చివరిదాకా వెళ్ళేలా తిప్పండి. సగంలో ఆపితే తర్వాతి రంధ్రం కనిపించదు. ఒకవేళ ఆ వారం ప్లేటు కూడా పెట్టుకోకపోయి ఉండి, ఇప్పుడు బిగుతుగా ఉండి కూర్చోకపోతే, బలవంతంగా కొరికించి కూర్చోబెట్టకుండా డాక్టరుకి ఫోను చేయండి. స్క్రూను ఎన్నిసార్లు వెనక్కి తిప్పాలో ఆయన చెబుతారు.

ప్రశ్న: ప్లేటు వాసన వస్తోంది. వేడి నీళ్ళలో మరిగించి శుభ్రం చేయవచ్చా?

జవాబు: మరిగిస్తే ఆక్రిలిక్ వంకరపోతుంది, మళ్ళీ కొత్త ప్లేటు చేయించాల్సి వస్తుంది. చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు చాలు. రోజూ రెండుసార్లు, ముఖ్యంగా అంగిలికి తగిలే వైపు రుద్దండి, ఎందుకంటే పాచి పేరుకునేది అక్కడే. తీగలను పట్టుకుని కాకుండా ప్లేటును అరచేతిలో పెట్టుకుని తోమితే తీగలు వంగవు. ప్లేటు ఎంత శుభ్రంగా ఉన్నా, పళ్ళు తోమకుండా దాన్ని పెట్టుకుంటే పుప్పి తప్పదు. ప్లేటు కింద లాలాజలం ఆడక ఆహారం అక్కడే నిలిచిపోతుంది. తీపి పానీయాలు ప్లేటు పెట్టుకుని తాగనివ్వకండి.

ప్రశ్న: మా 13 ఏళ్ళ అమ్మాయి తీగల క్లిప్పులు వద్దని, కనిపించని అలైనర్లే కావాలని పట్టుబడుతోంది. ఇంటికే కిట్టు పంపి, మనమే అచ్చు తీసి పంపితే అలైనర్లు చేసిచ్చే సంస్థలు ఉన్నాయట. మంచిదేనా?

జవాబు: అలైనర్లు మంచి పరికరాలే. పారదర్శకమైన ట్రేలను వరసగా మారుస్తూ, ఒక్కొక్కదాన్ని వారం నుంచి రెండు వారాలు, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. ఒక్కొక్క ట్రే పన్నును ఇంచుమించు పావు మిల్లీమీటరు కదుపుతుంది. పళ్ళ మీద చిన్న చిన్న తెల్లటి బొడిపెలు అతికించి పట్టు పెంచుతారు కనుక, పాత ప్లేట్లతో కుదరని కొన్ని కదలికలు కూడా వీటితో సాధ్యమవుతాయి. అయినా ఇవీ తీసి పెట్టుకునేవే. నోట్లో ఉన్నంతసేపే పనిచేస్తుందని ట్విన్ బ్లాక్ ఉత్తరానికి రాసిన జవాబులో చెప్పిన మాట వీటికీ వర్తిస్తుంది. మీ అమ్మాయి తానే కోరుకుంటోంది కనుక వాడే అవకాశం ఎక్కువ, అది మంచి సూచన.

ఇంటికి వచ్చే కిట్ల విషయంలో మాత్రం నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఎదిగే పిల్లలకు వద్దు. ఎక్స్‌రే లేకుండా ఎముకలో ఏ పన్ను ఎక్కడుందో, ఏ వేరు పొట్టిగా ఉందో, ఎక్కడ పుప్పి దాగి ఉందో అచ్చు చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వెనక రెండో దవడ పన్ను దాదాపు 12 ఏళ్ళకు వస్తుంది. అది సగం వచ్చి ఉండగా చేసిన ట్రే నెలలోనే సరిపోకుండా పోతుంది. పరీక్షించి, మధ్యమధ్య చూసే ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరుస సరిచేసే దంత వైద్య నిపుణులు) ఉన్నప్పుడే అలైనర్లు వాడించండి.

ప్రశ్న: మా అబ్బాయికి అతికించిన క్లిప్పులు గత నెల తీసేసి, రాత్రిపూట పెట్టుకోవడానికి ప్లేటు ఇచ్చారు. పళ్ళు చక్కగా వచ్చేశాయి కదా, ఇంకెందుకు? ఎన్నాళ్ళు?

జవాబు: పళ్ళు కొత్త చోటికి వచ్చాయి గానీ, వాటిని పట్టుకునే చిగురు నారలు ఇంకా పాత చోటి వైపే లాగుతూ ఉంటాయి. అవి కొత్త అమరికకు అలవాటు పడడానికి దాదాపు ఏడాది పడుతుంది, మెలి తిరిగిన పళ్ళ విషయంలో ఇంకా ఎక్కువ. అందుకని మొదటి ఏడాది ఏ రాత్రీ తప్పించకూడదు. ఆ తర్వాత కూడా, ముఖ్యంగా కింది ముందు పళ్ళు వయసుతో పాటు మెల్లగా దగ్గరకు జరుగుతూనే ఉంటాయి. క్లిప్పులు ఎన్నడూ వేయించుకోని వారికీ అది జరుగుతుంది. పళ్ళు అలాగే ఉండాలనుకున్నంత కాలం వారానికి కొన్ని రాత్రులైనా పెట్టుకోవడం మేలు. ఒకటి రెండు రాత్రులు మరిచిపోయాక పెడితే బిగుతుగా అనిపిస్తుంది; పళ్ళు కదిలాయని దాని అర్థం, ఆ రోజు నుంచి మళ్ళీ వరసగా పెట్టిస్తే సర్దుకుంటాయి. ప్లేటు పూర్తిగా కూర్చోకపోతే మాత్రం వారాలు గడవనీయకుండా, ప్లేటుతో సహా పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.